చేతులు మారిన పనిముట్లు: మోమిన్‌పేట్ ప్రాంతం నుంచి ఒక చరిత్ర పాఠం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు ఈ కింది విషయాలను వివరించగలుగుతారు:

• వాడిన పనిముట్లు ఒక చేతి నుంచి మరొక చేతికి ఏయే దారుల్లో వెళ్లాయి
• పాత సరుకు క్రయవిక్రయాల గురించి మన ధర్మశాస్త్రాలు, ఆధునిక చట్టాలు ఏం చెప్పాయి
• రైలు, నగరం, యంత్రం రాకతో పల్లె వృత్తిదారుల పనిముట్లలో వచ్చిన మార్పులు ఏమిటి
• ఒక పనిముట్టును చరిత్రకు ఆధారంగా ఎలా చదవాలి

1. విషయ పరిచయం

మీ ఇంట్లో ఒక గొడ్డలో, గడ్డపారో, కుట్టుమిషనో ఉండే ఉంటుంది. అది మీ ఇంటికి ఎలా వచ్చిందని ఎప్పుడైనా అడిగారా? దుకాణంలో కొత్తగా కొన్నదైతే జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. తాత వాడినదో, పక్క ఊరి వడ్రంగి చనిపోయాక వాళ్ల ఇంటివాళ్ల దగ్గర కొన్నదో, హైదరాబాదులో ఆదివారం అంగడిలో బేరమాడి తెచ్చినదో అయితే జవాబు పెద్దదవుతుంది. ఆ జవాబులో కులం, అప్పు, చదువు, వలస, చట్టం అన్నీ వస్తాయి. ఈ భాగంలో మనం చదవబోయేది అలాంటి జవాబుల చరిత్రనే.

చరిత్ర పాఠాల్లో పనిముట్లు సాధారణంగా రెండు చోట్ల కనిపిస్తాయి. ఒకటి, రాతియుగం, లోహయుగం అనే చోట. రెండు, పారిశ్రామిక విప్లవం అనే చోట. రెండు చోట్లా కొత్తగా కనిపెట్టినదే ముఖ్యం. కానీ మనుషులు ఎక్కువ కాలం బతికింది పాత పనిముట్లతోనే. బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువడిన తన గ్రంథంలో ఈ విషయాన్నే ముందుకు తెచ్చాడు. ఒక సాధనాన్ని ఎవరు కనిపెట్టారన్న దానికంటే దాన్ని ఎవరు, ఎంతకాలం, ఎలా బాగుచేసుకుంటూ వాడారన్నది ఎక్కువ విషయాలు చెబుతుందని ఆయన వాదం. మన ఊళ్లకు ఈ దృష్టి బాగా సరిపోతుంది.

మనం ఉదాహరణగా తీసుకునే ప్రాంతం మోమిన్‌పేట్. వికారాబాద్ నుంచి సదాశివపేటకు వెళ్లే దారిలో ఉన్న మండల కేంద్రం ఇది. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఉండి, 2016 అక్టోబర్ 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో చేరింది. ఒక పక్క వికారాబాద్ రైలు జంక్షన్, నైరుతి దిక్కున తాండూరు నాపరాతి గనులు, తూర్పున హైదరాబాదు మహానగరం. వ్యవసాయం, రాతి పని, నగరం అనే మూడింటి మధ్య ఉన్న ఈ ప్రాంతంలో పనిముట్ల ప్రయాణాన్ని గమనించడం సులభం.

2. ఆధారాలు ఎక్కడ వెతకాలి?

ప్రభుత్వ దస్త్రాలు భూమిని లెక్కపెట్టాయి, శిస్తును లెక్కపెట్టాయి, పశువులను కూడా లెక్కపెట్టాయి. ఒక కమ్మరి దగ్గర ఎన్ని సుత్తెలు ఉన్నాయో, అవి ఎవరివో రాసుకోవాల్సిన అవసరం వాటికి పెద్దగా రాలేదు. కాబట్టి మనం ఆధారాలను నాలుగు చోట్ల నుంచి ఏరుకోవాలి.

మొదటిది గ్రామ అధ్యయనాలు. 1929–30లో ఎస్. కేశవ అయ్యంగార్ హైదరాబాదు రాజ్యంలో జరిపిన ఆర్థిక పరిశోధనలు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్.సి. దూబే శామీర్‌పేట గ్రామం మీద రాసి 1955లో ప్రచురించిన గ్రంథం ఇందుకు మంచి ఉదాహరణలు. రెండవది చట్టాలు. ఏ వస్తువు గురించి తగవులు వస్తాయో దాని గురించే చట్టం మాట్లాడుతుంది. మూడవది మౌఖిక సాక్ష్యం, అంటే పెద్దల నోటి మాట. నాలుగవది పనిముట్టే. అరిగిపోయిన పిడి, ఎన్నోసార్లు సాగగొట్టిన అంచు, ఇనుము మీద కొట్టిన గుర్తు, ఒకచోట వెల్డింగ్ చేసిన అతుకు, ఇవన్నీ చదవగలిగినవారికి రాతలే.

3. ఊరి కట్టుబాటులో పనిముట్టు

పాత తెలంగాణ పల్లెలో వడ్రంగి, కమ్మరి రైతుకు ఎప్పటికప్పుడు డబ్బు తీసుకుని పనిచేసేవారు కాదు. ఏడాది పొడుగునా నాగలి, గుంటక, గొర్రు, బండి బాగుచేసి పెట్టినందుకు పంట ఇంటికి వచ్చే వేళ కల్లం దగ్గర ధాన్యం కొలిచి ఇచ్చేవారు. ఈ ఏర్పాటు గురించి దూబే శామీర్‌పేటలో వివరంగా నమోదు చేశారు. సుమారుగా ఇదే కట్టుబాటు దక్కన్ అంతటా వేర్వేరు పేర్లతో ఉండేది.

ఈ ఏర్పాటులో కొత్త, పాత అనే తేడా ఇవాళ మనం అనుకునే తీరులో ఉండదు. నాగలిని చూడండి. తుమ్మకర్రతో చేసిన కొయ్య భాగం కొన్నేళ్లకు చెడిపోతుంది, వడ్రంగి మారుస్తాడు. ఇనుప కర్రు దున్నే కొద్దీ అరుగుతుంది, కమ్మరి కొలిమిలో కాల్చి సాగగొడతాడు. మరీ పొట్టిదైపోతే దానికి ఇంకొంత ఇనుము అతుకుతాడు, లేదా దాన్నే ఎర్రగా కాల్చి చిన్న పనిముట్టుగా మలుస్తాడు. అరిగిన కర్రు కలుపు తీసే సాధనం కావచ్చు, విరిగిన కొడవలి కత్తి కావచ్చు. ఇనుము ఖరీదైన కాలంలో దాన్ని పారేయడం అనే ఆలోచనకే చోటు లేదు. ఒకే ఇనుము మూడు తరాల్లో నాలుగు పేర్లతో బతికేది.

వృత్తిదారుడి సొంత పనిముట్లు మరో దారిలో చేతులు మారేవి. బాడిస, ఉలి, చిత్రిక, రంపం తండ్రి నుంచి కొడుకుకు వచ్చేవి. కమ్మరి దాగలి, సమ్మెట, పట్టకారు కూడా అంతే. ఇక్కడ వస్తువుతోపాటు విద్య కూడా చేతికి వచ్చేది. ఉలిని ఏ కోణంలో సానబట్టాలి, ఇనుము ఏ రంగుకు ఎర్రబడినప్పుడు దెబ్బ వేయాలి అన్నవి పుస్తకంలో లేవు. కొడుకు తిత్తి ఊదుతూ చూసి నేర్చుకునేవాడు. దసరాకు ఆయుధ పూజ పేరుతో ఏడాదికి ఒకసారైనా పనిముట్లన్నీ బయటికి తీసి కడిగి, తుడిచి, పదును చూసి పెట్టడం కూడా ఈ విద్యలో భాగమే. పూజ ఎంతో, తనిఖీ అంతే.

అయితే ఈ కట్టుబాటును కేవలం ముచ్చటగా చూడకండి. పనిముట్టు తండ్రి నుంచి కొడుకుకే వెళుతుందంటే, ఆ ఇంట్లో పుట్టనివారికి అది దొరకదని అర్థం. కూతురికి దొరకదు. వేరే కులం పిల్లవాడికి ఆ పని మీద మనసున్నా దొరకదు. పైగా, దేశ్‌ముఖుల కాలపు వెట్టిలో వడ్రంగి, కమ్మరి దొరల సేద్యానికి కావలసిన పనిముట్లు ఉచితంగా చేసి ఇవ్వాల్సి వచ్చేది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాటం మీద రాసిన గ్రంథం ఈ సంగతిని నమోదు చేసింది. అంటే చేతిలో పనిముట్టు ఉన్నా, దానితో చేసిన పని ఫలం చేతిలో ఉండేది కాదు. పనిముట్టు చరిత్ర చదివేటప్పుడు ఈ రెండు ప్రశ్నలూ కలిపి అడగాలి: అది ఎవరిది, దాని ఫలం ఎవరిది?

4. పాత సరుకు అమ్మడం గురించి ధర్మశాస్త్రాలు

పాత వస్తువుల అంగడి ఈ కాలానిది అనుకుంటే పొరపాటు. కౌటిల్యుని అర్థశాస్త్రం నాలుగవ అధికరణంలో దీనికి ప్రత్యేక నియమం ఉంది. అంగడిని చూసుకునే అధికారి పాత సామాన్ల అమ్మకానికి గానీ కుదువకు గానీ ఎప్పుడు అనుమతి ఇవ్వాలి? ఆ వస్తువు తనదేనని అమ్మేవాడు రుజువు చేసుకున్నప్పుడే. కొత్త వస్తువుకు అక్కర్లేని ఈ రుజువు పాతదానికి ఎందుకు? కొత్త వస్తువు చేసినవాడి దుకాణం నుంచి వస్తుంది. పాత వస్తువు ఎక్కడి నుంచైనా రావచ్చు, దొంగ చేతి నుంచి కూడా.

తనది కాని వస్తువును అమ్మడాన్ని ధర్మశాస్త్రాలు అస్వామి విక్రయం అన్నాయి. వ్యవహార పదాలు పద్దెనిమిదిలో ఇదొకటి. యాజ్ఞవల్క్య స్మృతి ప్రకారం, ఇతరులు అమ్మేసిన తన వస్తువును అసలు యజమాని తిరిగి తీసుకోవచ్చు. కొన్నవాడు చాటుగా కొన్నా, అంత వస్తువు కలిగి ఉండే అవకాశం లేనివాడి దగ్గర కొన్నా, మరీ తక్కువ ధరకు కొన్నా, వేళ కాని వేళ కొన్నా వాడినీ దొంగగానే చూడాలని ఆ స్మృతి చెబుతుంది. ఈ నాలుగు గుర్తులనూ ఒకసారి మళ్లీ చదవండి. ఇవాళ రోడ్డు పక్క డ్రిల్లింగ్ మిషన్ కొనేవారికి కూడా ఇంతకంటే మంచి సలహా లేదు.

ఈ స్మృతికి ప్రసిద్ధ వ్యాఖ్య మితాక్షర. దాన్ని రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) ఆస్థానానికి చెందినవాడు. ఆ కల్యాణి నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్. మోమిన్‌పేట్ నుంచి సదాశివపేట, జహీరాబాద్ మీదుగా పడమటికి సాగితే వచ్చే పట్టణం. 13వ శతాబ్దిలో కేతన ఈ ధర్మశాస్త్ర విషయాన్ని విజ్ఞానేశ్వరీయము పేరుతో తెలుగులోకి తెచ్చాడు. అంటే పాత వస్తువు కొనేటప్పుడు ఏం చూసుకోవాలన్న చర్చ ఏడు వందల ఏళ్లకు ముందే తెలుగులో మొదలయింది.

ఆధునిక చట్టం కూడా ఇదే దారిలో నడిచింది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ సారాంశం ఇది: అమ్మేవాడికి ఎంత హక్కు ఉందో కొనేవాడికి అంతే వస్తుంది, అంతకు మించి రాదు. దీనికి కొన్ని మినహాయింపులున్నా మూల సూత్రం అదే. దొంగ సొత్తు అని తెలిసి కొనడం భారతీయ శిక్షాస్మృతిలో నేరంగా ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ అది నేరమే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1

అ) అరిగిన కర్రును పారేయకపోవడానికి ఆర్థిక కారణం ఏమిటి?
ఆ) అస్వామి విక్రయం అంటే ఏమిటి? కొనుగోలుదారుడిని అనుమానించడానికి యాజ్ఞవల్క్యుడు చెప్పిన నాలుగు గుర్తులు రాయండి.

5. రైలు, ఇనుము, నగరం

ఒకప్పుడు తెలంగాణ ఉక్కు బయటి దేశాలకు వెళ్లేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసే ఉక్కును 19వ శతాబ్ది ఆరంభంలో సర్వే శాఖ వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త అయిన వాయ్‌సీ స్వయంగా చూసి వర్ణించాడు. ఆ వర్ణన 1832లో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వచ్చి అక్కడ ఉక్కు కొంటున్న వర్తకుడు కూడా అతనికి తారసపడ్డాడు. ఆ శతాబ్ది ముగిసేలోగా విదేశీ ఇనుము చవకగా దిగుమతి కావడంతో స్థానికంగా ఖనిజం నుంచి ఇనుము తీసే పని దాదాపుగా ఆగిపోయింది.

సికింద్రాబాద్–వాడి రైలు మార్గం 1874లో మొదలయింది. వికారాబాద్, తాండూరు ఈ మార్గం మీదివే. వికారాబాద్ అన్న పేరే, 1893 నుంచి 1901 వరకు హైదరాబాదు ప్రధానిగా ఉన్న పాయెగా ప్రభువు వికార్ ఉల్ ఉమ్రాను గుర్తుచేస్తుంది. రైలు రావడంతో కమ్మరికి ముడి ఇనుము అందే దారి మారింది. ఖనిజం కరిగించే కొలిమి నుంచి కాకుండా, బొంబాయి రేవులో దిగి రైలెక్కి వచ్చిన ఇనుప పట్టీలు, కడ్డీలు అతని చేతికి అందాయి. లారీలు వచ్చాక మరో ముడిసరుకు చేరింది. విరిగిన లారీ కమాను పట్టీ మంచి ఉక్కు. దాన్ని కాల్చి సాగగొడితే గట్టి గొడ్డలి, కొడవలి, ఉలి వస్తాయి. నేటికీ మన కమ్మరి కొలుముల దగ్గర కమాను పట్టీలు కనిపిస్తాయి. దేశమంతా సరుకు మోసిన బండి చివరికి ఒక రైతు చేతిలో కొడవలిగా మారుతుంది. పాత సామాను చేతులు మారడమంటే ఇది కూడా.

కొత్త పనిముట్లను పల్లె వెంటనే నమ్మలేదు. లక్ష్మణరావు కిర్లోస్కర్ 1903లో ఇనుప నాగలి తయారుచేసినప్పుడు, ఇనుము భూమికి విషమవుతుందని రైతులు సందేహించారు. మొదటి నాగళ్లు అమ్ముడుపోవడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఇలాంటి సందేహం తీరడానికి వాడిన వస్తువు బాగా ఉపయోగపడుతుంది. కొత్త సాధనాన్ని డబ్బున్న ఒకరు కొంటారు. నాలుగేళ్లు వాడి చూస్తారు. ఊరంతా గమనిస్తుంది. తరవాత అది సగం ధరకు ఇంకొకరికి వెళుతుంది. మోట పోయి ఆయిల్ ఇంజన్, ఆయిల్ ఇంజన్ పోయి కరెంటు మోటారు వచ్చిన క్రమంలోనూ ఒకరు వదిలిన యంత్రం మరొకరికి మొదటి యంత్రం అయింది.

కుట్టుమిషన్ ఇంకా మంచి ఉదాహరణ. సింగర్ మిషన్లు 1870లలో భారతదేశానికి వచ్చాయి. కలకత్తాలోని జే ఇంజనీరింగ్ సంస్థ 1930ల మధ్య నుంచి ఉషా మిషన్లను తయారుచేసింది. పోత ఇనుముతో చేసిన ఆ మిషన్లకు నూనె వేస్తూ, సూది, బాబిన్, బెల్టు మారుస్తూ ఉంటే ఒక మనిషి పనికాలం దాటి బతుకుతాయి. అందుకే దర్జీలు మిషన్లను అమ్మారు, కొన్నారు, అద్దెకు ఇచ్చారు. ఇక్కడ ఒక పెద్ద మార్పును గమనించండి. కుట్టుమిషన్ ఏ కులానికీ వారసత్వం కాదు. డబ్బు సమకూర్చుకోగలిగిన ఎవరైనా, ఆడవారైనా, వాడిన మిషన్ ఒకటి కొనుక్కుని పని మొదలుపెట్టవచ్చు. వారసత్వం మూసి ఉంచిన తలుపును పాత సామాను అంగడి కొంతవరకు తెరిచింది.

హైదరాబాదు నగరం ఈ అంగడికి కేంద్రం. 1943లో సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ సంస్థ ఏర్పడింది. తరవాతి దశాబ్దాల్లో బాలానగర్ వంటి పారిశ్రామికవాడలు వెలిశాయి. కార్ఖానాలు పెరిగిన చోట లేతులు, డ్రిల్లులు, పానాలు, వైసులు పెరుగుతాయి. కార్ఖానాలు మూతపడిన చోట అవే వేలానికి వస్తాయి. యంత్రసామగ్రికి రాణిగంజ్, గురువారం పేరు పెట్టుకున్న జుమేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ అంగడి, వాడిన సామాను వెతికేవారికి తెలిసిన చోట్లు. మోమిన్‌పేట్, నవాబ్‌పేట, మర్పల్లి ప్రాంతాల నుంచి నగరానికి పనికి వెళ్లే ఎలక్ట్రీషియన్‌కు, ప్లంబర్‌కు, మేస్త్రీకి మొదటి సంచీడు పనిముట్లు నగరంలోనే చవకగా సమకూరగలవు.

6. కుదువ, జప్తు: పనిముట్టు పోతే ఏమవుతుంది?

ఇంతవరకు పనిముట్టు ఇష్టపూర్వకంగా చేతులు మారడం చూశాం. అప్పుల వల్ల చేతులు మారడం వేరు. కరువు వచ్చినప్పుడు కూలివాడు తిండి తగ్గించుకుంటాడు. వృత్తిదారుడికి ఇంకొక ప్రమాదం ఉంది: చేతిలో ఉన్న పనిముట్టును కుదువ పెట్టడం. నగ కుదువ పెడితే ఇల్లు బోసిపోతుంది. రంపం కుదువ పెడితే దాన్ని విడిపించుకునే సంపాదనే ఆగిపోతుంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఒక వృత్తి కుటుంబం కూలి కుటుంబంగా మారిపోయేది ఇక్కడే.

చట్టం ఈ ప్రమాదాన్ని కొంత గుర్తించింది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం, కోర్టు డిక్రీ అమలులో అప్పు రాబట్టుకోవడానికి వృత్తిదారుల పనిముట్లను జప్తు చేయకూడదు. అప్పుపడ్డవాడు రైతయితే అతని సేద్యపు సాధనాలను, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించిన పశువులను, విత్తన ధాన్యాన్ని కూడా జప్తు చేయకూడదు. 1951లో ఈ కోడ్ హైదరాబాదు రాష్ట్రానికీ వర్తించింది. తినే పళ్లెం, వండే గిన్నెలతోపాటు పనిముట్టును కూడా మనిషి నుంచి విడదీయరాని వస్తువుగా చట్టం లెక్కపెట్టిందన్నమాట.

అయితే ఈ రక్షణకు ఒక హద్దు ఉంది. ఇది కోర్టు జప్తుకు అడ్డు. మనిషే వెళ్లి తన పనిముట్టును వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టి డబ్బు తెచ్చుకుంటే ఈ సెక్షన్ అతన్ని ఆపదు. చట్టం కాపాడగలిగింది కోర్టు గుమస్తా నుంచి. అవసరం నుంచి కాదు.

7. ఇవ్వడం కూడా ఒక చరిత్రే

1951 ఏప్రిల్‌లో హైదరాబాదు పక్కన శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. వార్ధా ప్రాంతం నుంచి కాలినడకన దానికి వచ్చిన వినోబా భావే, అక్కడి నుంచి తెలంగాణ పల్లెల్లోకి నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలయిందని మీరు ముందే చదివారు.

పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించని ఒక మాట కూడా ఆ ఉద్యమంలో ఉంది: సాధన దానం. సాధన దానం అంటే సేద్యానికి కావలసిన పనిముట్లు ఇవ్వడం. ఎందుకు అవసరమైంది? భూమి లేనివాడికి భూమి ఇచ్చారు. నాగలి ఏది? ఎడ్లు ఏవి? గుంటక ఏది? అవి లేనివాడు మళ్లీ పాత ఆసామి ఇంటికే వెళ్లి నాగలి అడగాలి. నాగలి అద్దెకు బదులు తన కూలి ఇవ్వాలి. చేతికి వచ్చిన భూమి కౌలుకో బీడుకో పోతుంది. పట్టా కాగితం ఒక్కటే స్వాతంత్ర్యం ఇవ్వదు, పనిముట్టు కూడా కావాలి. భూసంస్కరణల ఫలితాలను అంచనా వేసేటప్పుడు మీరు ఈ ప్రశ్నను మరిచిపోకూడదు.

ఇతర దేశాల్లోనూ ఇలాంటి ఆలోచనలు వచ్చాయి. అమెరికాలోని బర్క్‌లీ పట్టణ గ్రంథాలయం 1979 నుంచి పుస్తకాల్లాగే పనిముట్లనూ అరువిస్తోంది. బ్రిటన్‌లో టూల్స్ ఫర్ సెల్ఫ్ రిలయన్స్ అనే స్వచ్ఛంద సంస్థ ఇళ్లలో మూలపడిన పాత పనిముట్లను సేకరించి, బాగుచేసి ఆఫ్రికా దేశాల వృత్తిదారులకు పంపింది. ఇందులో ముఖ్యమైన మాట ‘బాగుచేసి’ అన్నది. మొద్దుబారిన ఉలిని దానం చేస్తే మన ఇంట్లో చోటు మిగులుతుంది. సానబట్టి ఇస్తే అవతలి ఇంట్లో పని మొదలవుతుంది.

8. నేటి స్థితి: తూకమా, పనా?

ట్రాక్టర్ వచ్చాక నాగలి, గొర్రు, గుంటక చాలా ఇళ్లలో అటకెక్కాయి. 2014–15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద యంత్రాలను అద్దెకిచ్చే కేంద్రాలకు ప్రభుత్వం సాయం చేసింది. 2023 సెప్టెంబర్ 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులవారికి శిక్షణ, రుణంతోపాటు పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఇస్తుంది. వడ్రంగి, కమ్మరి, తాళాలు చేసేవారు, సుత్తెలు, పనిముట్లు తయారుచేసేవారు అందులో ఉన్నారు. ఇవి అవసరమైనవే. కానీ ఇవి కొత్త పనిముట్ల గురించే ఆలోచిస్తాయి. ఇళ్లలో ఇప్పటికే ఉన్న పాత పనిముట్ల సంగతి వీటిలో లేదు.

ఆ పాతవాటికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, వీధిలోకి వచ్చే పాత ఇనుప సామాను బండి. అక్కడ దాగలికీ, విరిగిన గేటుకూ కిలో ధర ఒక్కటే. రెండు, దాన్ని పనికి వాడేవారి చేయి. అక్కడ ధర బరువును బట్టి కాదు, అది చేయగల పనిని బట్టి. ఒక వడ్రంగి చనిపోయాక కొడుకులు నగరంలో వేరే ఉద్యోగాల్లో ఉంటే, ఆ ఇంటివారు చాలాసార్లు మొదటి దారినే ఎంచుకుంటారు. వారిని తప్పుపట్టలేం. ఏ పనిముట్టు ఏ పనికో చెప్పగలిగినవారు ఇంట్లో మిగలకపోతే, చెప్పగలిగేది బరువు ఒక్కటే. పేరు తెలియని పనిముట్టు తుక్కు అవుతుంది. అందుకే ఈ చరిత్ర కేవలం వస్తువులది కాదు, మాటలది కూడా. బాడిస, చిత్రిక, దాగలి, గొర్రు అన్న మాటలు తెలిసినవారు తగ్గిన కొద్దీ ఆ వస్తువులు తూకానికి వెళతాయి.

మీరు పాత పనిముట్టు కొంటున్నా, ఇస్తున్నా ఈ కింది విషయాలు చూడండి. ఇవి వృత్తిదారుల పరీక్షలే.

• సుత్తె, సమ్మెట: కామ తల దగ్గర వదులుగా ఉందా చూడండి. ఊపినప్పుడు తల ఊడితే ప్రాణానికే ప్రమాదం. కామ మార్చడం సులభం, పగిలిన తలను వాడకూడదు.
• దాగలి: చిన్న సుత్తెతో తట్టండి. గణగణమని మోగితే మంచిది. బొంగురుగా పలికితే లోపల పగులు ఉండవచ్చు.
• రంపం: కంటికి ఎదురుగా పెట్టి అంచు వెంబడి చూడండి. వంకర తీయడం కష్టం. పళ్లు మొద్దుబారితే ఆకురాయితో పదును పెట్టవచ్చు.
• ఉలి, చిత్రిక పలక: పైన తుప్పు భయపడవలసినది కాదు. పదును అంచు దగ్గర లోతైన గుంటలుంటే ఆలోచించాలి.
• కరెంటు పనిముట్లు: వైరు అతుకులు, కాలిన వాసన, బేరింగుల చప్పుడు చూడండి. నడిపి చూపించకుండా కొనవద్దు.
• అన్నిటికీ: అమ్మేవారి పేరు, తేదీ, ధర ఒక కాగితం మీద రాయించుకోండి. కౌటిల్యుడు అడిగిన రుజువు ఇదే. రేపటి చరిత్రకారుడికి ఆధారం కూడా ఇదే.

9. సారాంశం

పాత పల్లెలో పనిముట్లు వారసత్వంగా, ఊరి కట్టుబాటుగా చేతులు మారాయి. అందులో విద్య ఉంది, కట్టడి ఉంది, వెట్టి ఉంది. పాత సరుకు అమ్మకానికి అర్థశాస్త్రం నుంచి 1930 చట్టం వరకు అందరూ అడిగింది ఒక్కటే: అది నీదేనా? రైలు, లారీ, నగరం వచ్చాక పాత ఇనుముకు, వాడిన యంత్రానికి కొత్త దారులు ఏర్పడ్డాయి. కులం చేతిలో ఉన్న పనిముట్టు డబ్బు చేతికి వచ్చింది. దాంతో కొందరికి కొత్త బతుకు దొరికింది, అప్పుల పాలైనవారికి ఉన్నది పోయింది. 60వ సెక్షన్, సాధన దానం రెండూ ఒకే విషయాన్ని గుర్తించాయి: పనిముట్టు లేని మనిషికి స్వేచ్ఛ సగమే. నేడు పాత పనిముట్టు తూకానికి వెళుతుందా, పనికి వెళుతుందా అన్నది దాని పేరు, పని తెలిసినవారు ఇంట్లో ఉన్నారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2

అ) సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ వృత్తిదారుడికి ఇచ్చే రక్షణ ఏమిటి? దాని హద్దు ఏమిటి?
ఆ) భూదానానికి సాధన దానం ఎందుకు తోడు కావాల్సి వచ్చింది?

క్షేత్ర అభ్యాసం

మీ ఇంట్లో గానీ, వాడకట్టులో గానీ కనీసం ఇద్దరి చేతులు మారిన ఒక పనిముట్టును ఎంచుకోండి. దాన్ని ఇప్పుడు వాడుతున్నవారితో, వీలైతే అంతకుముందు వాడినవారితో మాట్లాడండి. ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు రెండు పుటలకు మించకుండా రాయండి: దీని స్థానిక పేరు ఏమిటి, దాని భాగాల పేర్లు ఏమిటి? మొదట ఎవరు చేశారు, ఎవరు కొన్నారు? ఎప్పుడు, ఎందుకు, ఎంతకు చేతులు మారింది? ఎన్నిసార్లు, ఏయే భాగాలు బాగుచేశారు? దీన్ని వాడే విద్య ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

ఇందుకు పెద్దవారి దగ్గరికి వెళ్లేటప్పుడు పనిముట్టును వెంట తీసుకువెళ్లండి. ఉత్త ప్రశ్న అడిగితే గుర్తులేదు అంటారు. వస్తువు చేతిలో పెడితే ముందు దాని పదును చూస్తారు, తరవాత మాట్లాడతారు. వారు చెప్పింది వారు చెప్పినట్టే రాసుకోండి. పేర్లు మీ పుస్తకాల భాషలోకి మార్చకండి. పని పూర్తయ్యాక ఆ పనిముట్టును తుడిచి, నూనె రాసి, ఎక్కడి నుంచి తీసుకున్నారో అక్కడ పెట్టండి.